మే 15, 2065 తేదీ వేసిన పత్రిక దొరికింది: లేడీ పెనెలోప్ గూఢచారి సీరియల్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

#1 చిత్తుకాగితం (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంజనీరింగ్ పుస్తకాల అడుగున ఒక కట్ట దొరికింది. పెద్ద సైజు కాగితాలు, పురికొసతో కట్టి ఉన్నాయి. పై పేజీ చూసి పాత ఇంగ్లీషు దినపత్రిక అనుకున్నాను. పెద్ద హెడ్డింగు, ఫొటో, పక్కన వార్త, అంతా అలాగే ఉంది. తేదీ చదివి ఆగిపోయాను. మే 15, 2065. అచ్చుతప్పేమో అని రెండోది తీశాను, మే 22, 2065. మూడోది జూన్ 5, 2065.

పత్రిక పేరు టీవీ సెంచరీ 21. లోపల బొమ్మల కథలు. చాలా పేజీలు పోయాయి. పిన్నులు తుప్పు పట్టి, పిన్ను చుట్టూ కాగితం టీ మరకలా ఎర్రబారింది. అదృష్టం కొద్దీ లేడీ పెనెలోప్ అనే ఆవిడ గూఢచారి కథ మాత్రం మూడు సంచికల్లోనూ మిగిలింది. ఆరు చక్రాల రోల్స్ రాయిస్, దాన్ని నడిపే పెద్ద ముక్కు డ్రైవరు, వెనక సీట్లో ఈవిడ.

ఈవిడ ఉండే థండర్‌బర్డ్స్ అనే బ్రిటిష్ కీలుబొమ్మల టీవీ సీరియల్ పేరు విన్నాను, రెండు మూడు ఎపిసోడ్లు చూశాను. ఈ కామిక్ సంగతి మాత్రం నాకు కొత్త. ఎవరు గీశారు, ఎప్పటిది, ఈ 2065 ఏమిటి? రెండు రోజులుగా ఇదే ధ్యాస.

#2 స్లౌ_సుబ్బు (ఇంగ్లండ్)

చిత్తుకాగితం గారూ, మీ చేతికి మంచి సరుకే దొరికింది. ఆ తేదీలో వందేళ్లు తీసేయండి, అసలు తేదీ వస్తుంది. టీవీ సెంచరీ 21 మొదటి సంచిక 1965 జనవరి 23న వచ్చింది, దాని మీద 2065 జనవరి 23 అని వేశారు. చదివే పిల్లవాడు వందేళ్ల తర్వాతి వార్తాపత్రిక కొనుక్కుంటున్నట్టు ఉండాలని వాళ్ల ఆలోచన. అందుకే మొదటి పేజీని కామిక్‌లా కాకుండా పేపర్‌లా పెట్టారు. ఆ ఫొటోలు టీవీ సీరియళ్లవి, వార్తలు ఆ కథల్లోవి. వెల ఏడు పెన్నీలు. అప్పట్లో పౌండుకి 240 పెన్నీలు.

గెర్రీ ఆండర్సన్, సిల్వియా ఆండర్సన్ దంపతుల కంపెనీ తీసిన ఫైర్‌బాల్ ఎక్స్ఎల్5, స్టింగ్‌రే లాంటి కీలుబొమ్మల సైన్స్ ఫిక్షన్ సీరియళ్లే ఈ పత్రికకు మూలం. సంపాదకుడు అలన్ ఫెనెల్. ఆయన టీవీ ఎపిసోడ్లు కూడా రాసిన మనిషి. కాబట్టి కామిక్‌లో కనబడేది బయటివాళ్లు ఊహించి రాసినది కాదు, ఇంటివాళ్ల రాతే.

అసలు ముచ్చట ఇంకోటి ఉంది. థండర్‌బర్డ్స్ మొదటి ఎపిసోడ్ టీవీలో వచ్చింది 1965 సెప్టెంబర్ 30న. లేడీ పెనెలోప్ కామిక్ మాత్రం జనవరిలో మొదటి సంచిక నుంచే ఉంది. అంటే టీవీలో ఆవిడ కనబడేసరికి కామిక్‌లో ముప్పై ఆరు వారాలు నడిచేసింది. మీ దగ్గరున్న మే, జూన్ పేజీలు చదివిన పిల్లలెవరూ ఆవిడను అప్పటికి టీవీలో చూడలేదు.

నేను ఉండేది స్లౌలోనే. ఆ సీరియళ్లు తీసిన స్టూడియో ఇక్కడి ట్రేడింగ్ ఎస్టేట్‌లో స్టిర్లింగ్ రోడ్డు మీద ఉండేది. రోజూ ఆఫీసుకు వెళ్లే దారి అది. ఇప్పుడు అంతా గోడౌన్లూ ఆఫీసులే. అయినా ఆ మలుపు దగ్గర నా చూపు అటే పోతుంది.

#3 రేఖ_రంగు

గీసింది ఎరిక్ ఈడెన్ అండీ. బ్రిటన్‌లో డాన్ డేర్ అనే అంతరిక్ష కథ చాలా ప్రసిద్ధం. దాన్ని సృష్టించిన ఫ్రాంక్ హాంప్సన్ స్టూడియోలో పనిచేసి వచ్చిన మనిషి ఈడెన్. ఆ శిక్షణ ఆయన యంత్రాల్లో కనబడుతుంది. కారు గీస్తే నిజంగా నడిచే కారులా, తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలిసేలా గీస్తాడు.

ఒక పని చేయండి. భూతద్దం ఉంటే ఆ పేజీలో అక్షరం అంచు చూడండి, తర్వాత పెనెలోప్ చెంప మీద నీడ చూడండి. అక్షరం అంచు రంపంలా గరుకుగా ఉంటుంది, నీడ మాత్రం నీళ్లలో రంగు కలిసినట్టు మెత్తగా ఉంటుంది. దాన్ని ఫొటోగ్రేవ్యూర్ అంటారు. రాగి సిలిండర్ మీద చిన్న చిన్న గుంటలు చెక్కుతారు. గుంట లోతైతే ఎక్కువ సిరా, పైపైన ఉంటే తక్కువ సిరా. బ్రష్షుతో వేసిన బొమ్మకు ఇంతకంటే మంచి అచ్చు ఆ రోజుల్లో లేదు. అక్షరాలకు మాత్రం కొంచెం అన్యాయం జరుగుతుంది.

#4 చిత్తుకాగితం

రేఖ గారూ, ఇప్పుడే చూశాను. మా అమ్మాయి నాణేల భూతద్దం తీసుకున్నాను. మీరు చెప్పింది అక్షరాలా నిజం. "ఎం" అక్షరం కాళ్లు పళ్లచక్రంలా ఉన్నాయి. ఆవిడ చెంప దగ్గర ఎంత వెతికినా గీత దొరకలేదు, నీడ ఎక్కడ మొదలైందో కూడా తెలియలేదు. యాభై ఏళ్ల పైబడి ఏ అటక మీదో పడి ఉన్న కాగితం ఇది!

#5 ఎడిట్‌బల్ల

పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక మాట. నేను టీవీలో పనిచేస్తాను. సీరియల్ రాకముందే పాత్రతో కామిక్ నడిపారంటే నాకు అది ప్రచారంగానే కనబడుతోంది. మేం సీరియల్ మొదలయ్యే ముందు ప్రోమోలు వేసినట్టే. బొమ్మలు బాగుండొచ్చు. కానీ దీన్ని కథగా ఎంతవరకు తీసుకోవాలి? పత్రిక, టీవీ, ఆటవస్తువులు అన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి కదా.

#6 స్లౌ_సుబ్బు

ఎడిట్‌బల్ల గారూ, ప్రచారం ఉంది, కాదనను. కానీ ప్రోమో అయితే టీవీలో ఉన్నదే చూపించాలి. ఈ కామిక్ టీవీలో వీలుకానిది చేసింది.

టీవీలో పెనెలోప్ దాదాపు 22 అంగుళాల కీలుబొమ్మ. తలలో ఒక విద్యుత్ పరికరం ఉండేది, ముందే రికార్డు చేసిన మాటలకు తగ్గట్టు పెదవి కదిలేది. ఆ పరికరం కోసం తల పెద్దగా ఉండాల్సి వచ్చింది. పైన సన్నటి తీగలు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది నడక. కీలుబొమ్మ నడిస్తే గాలిలో తేలినట్టు ఉంటుంది. అందుకే ఆ సీరియళ్లలో ఎవరూ ఎక్కువ నడవరు. కారు ఎక్కుతారు, కదిలే బల్ల మీద వెళతారు, కుర్చీలో కూర్చుని మాట్లాడతారు. తుపాకీ పట్టుకోవడం, బటన్ నొక్కడం లాంటివి దగ్గరగా చూపించాలంటే నిజం మనిషి చెయ్యి పెట్టి తీసేవారు.

ఇక గూఢచారి కథకు కావలసింది ఏమిటి? గోడ దూకాలి, పరిగెత్తాలి, మెట్లు ఎక్కాలి, కుస్తీ పట్టాలి. ఇవన్నీ టీవీ పెనెలోప్‌కు కష్టం, కాగితం మీద పెనెలోప్‌కు తేలిక. ఆవిడకు కాళ్లు ఇచ్చింది కామిక్. నేను దాన్ని వేరే కథగానే చదువుతాను.

#7 డాలెక్_ప్రియ

సుబ్బు అన్నయ్యా, కాళ్లు ఇచ్చిందన్న మాట చాలా బాగుంది. నేను ఆ పత్రిక వెనక అట్ట గురించి చెప్తాను. డాక్టర్ హూ అనే బ్రిటిష్ టీవీ సీరియల్‌లోని డాలెక్‌లు అనే దుష్ట యంత్రజీవుల కథ అక్కడ ఒక్కో పేజీగా వచ్చేది. మొదటి సంచిక నుంచి 104వ సంచిక దాకా, అంటే 1967 జనవరి దాకా నడిచింది. రాసింది ఆ సీరియల్‌కు తొలి కథా సంపాదకుడు డేవిడ్ విటేకర్. గీసినవాళ్లలో రిచర్డ్ జెన్నింగ్స్, రాన్ టర్నర్ ముఖ్యులు. ఆ సీరియల్ హీరో డాక్టర్ లేడు, డాలెక్‌లే నాయకులు! దుర్మార్గులను కథానాయకులుగా పెట్టి రెండేళ్లు పిల్లల పత్రిక నడపడానికి ధైర్యం కావాలి.

ఇంకో సంగతి చెప్తాను, నాకు చాలా ఇష్టమైనది. డాలెక్‌లకు తొలిరోజుల్లో గొంతు ఇచ్చిన డేవిడ్ గ్రాహమే టీవీలో పెనెలోప్ డ్రైవరు పార్కర్‌కూ గొంతు ఇచ్చాడు. ఆ పత్రికలో లోపల పార్కర్, వెనక డాలెక్. పేజీల్లో గొంతు వినబడదు గానీ, తెలిసి చదివితే రెండు చోట్లా ఆయనే పలుకుతాడు.

#8 స్లౌ_సుబ్బు

ప్రియ గారూ, పార్కర్ గొంతు పుట్టిన ఊరు నాకు ఇరవై నిమిషాల దూరం. కుక్‌హామ్ అని థేమ్స్ ఒడ్డున ఉంటుంది. అక్కడి ఒక పబ్బులో పెద్దవయసు వెయిటర్ ఉండేవాడు. గొప్పవాళ్ల ఇళ్లలో పనిచేసి వచ్చాడేమో అన్నట్టు మాట్లాడేవాడు, లేనిచోట "హ" చేర్చి, ఉన్నచోట మింగేసి. గెర్రీ ఆండర్సన్ ఆ యాస విని గ్రాహమ్‌ను అక్కడికి భోజనానికి పంపించాడు. తన గొంతు ఇలా ఊరూరా మోగుతోందని ఆ పెద్దాయనకు ఎవరూ చెప్పలేదట.

కామిక్‌లో ఆ యాసను అక్షరాల్లో రాశారు. ఇదీ కష్టమే. మన దగ్గర గోదావరి యాసనో, తెలంగాణ పల్లె మాటనో కాగితం మీద పెట్టడం ఎంత కష్టమో అంత. ఒక మాట ఎక్కువైతే వెక్కిరింత, ఒక మాట తక్కువైతే ఎవరి నోట్లోనైనా ఇమిడిపోతుంది.

#9 శారద_టీచర్ (మచిలీపట్నం)

నేను ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నాను. రిటైరైన టీచర్ని. 1965లో నాకు పదకొండేళ్లు. ఈ ఇంగ్లీషు పత్రిక మా ఊరికి రాలేదు. కానీ వారం వారం సీరియల్ కోసం కాచుకోవడం ఏమిటో నాకు తెలుసు. మా ఇంట్లో వారపత్రిక రాగానే ముందు నాన్నగారు, తర్వాత అన్నయ్య, తర్వాత నేను. "సశేషం" అన్న మాట చదివి పత్రిక మూస్తే ప్రాణం ఉసూరుమనేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అన్నయ్య పరుపు కింద ఉండేవి. నేను అన్నం తిన్న తర్వాత అందరూ పడుకున్నాక తీసి చదివేదాన్ని. గూఢచారి 116 సినిమా 1966లో వచ్చింది. మా వీధి మగపిల్లలంతా కొన్నాళ్లు ఏజెంట్లే అయ్యారు. మేం ఆడపిల్లలం ఆ ఆటలో ఎప్పుడూ కాపాడబడేవాళ్లమే.

అందుకని నా ప్రశ్న. ఈ పెనెలోప్ ఎవరి కింద పనిచేస్తుంది? ఆవిడను ఎవరైనా కాపాడతారా, ఆవిడే కాపాడుతుందా?

#10 రేఖ_రంగు

టీచర్ గారూ, ఆవిడే కాపాడుతుందండీ. టీవీలో ఇంటర్నేషనల్ రెస్క్యూ అనే రహస్య సంస్థకు లండన్ ఏజెంటు. పెద్ద భవంతి, టీకప్పుల సరంజామా, మర్యాదైన మాట, అన్నీ పైకి కనబడే వేషం. టీపాట్‌లోంచే రహస్య సందేశాలు వెళతాయి. పార్కర్ పూర్వాశ్రమంలో ఇనప్పెట్టెలు పగలగొట్టే దొంగ. ఆ విద్య ఇప్పుడు మంచిపనికి వాడతాడు. కారు నంబరు ఫాబ్ 1. ముందు గ్రిల్ వెనక మెషిన్‌గన్ ఉంటుంది.

1965లో పిల్లల సాహసపత్రికలో ఒక స్త్రీ పేరే కథ పేరు కావడం, కథంతా ఆవిడ నిర్ణయాల మీద నడవడం సామాన్యం కాదు. ఇందులో సిల్వియా ఆండర్సన్ చెయ్యి పెద్దది. టీవీలో పెనెలోప్ గొంతు కూడా సిల్వియాదే. బొమ్మ తల చెక్కింది మేరీ టర్నర్.

#11 శారద_టీచర్

చాలా సంతోషం తల్లీ. యాభై ఏళ్లు ఆలస్యంగానైనా తెలిసింది.

#12 డాలెక్_ప్రియ

టీచర్ గారూ, కథ ఇక్కడితో ఆగలేదు. 1966 జనవరి 22న ఆవిడ పేరుతోనే వేరే వారపత్రిక వచ్చింది, లేడీ పెనెలోప్ అని. టీవీ సెంచరీ 21లో ఆవిడ 51వ సంచిక దాకా ఉంది, 52లో థండర్‌బర్డ్స్ కథ మొదలైంది. కొత్త పత్రికలో ఫ్రాంక్ లాంగ్‌ఫర్డ్ గీశాడు, తర్వాత జాన్ ఎం. బర్న్స్ కూడా. స్టింగ్‌రేలోని సముద్రగర్భ లోకపు మూగ అమ్మాయి మరీనా కథ అందులో ఉండేది. తర్వాత కెప్టెన్ స్కార్లెట్ అనే మరో కీలుబొమ్మల సీరియల్ నుంచి ఏంజెల్స్ అనే మహిళా పైలట్ల కథా వచ్చింది. 1968లో పేరు పెనెలోప్ అని కుదించారు. 1969 చివర్లో ప్రిన్సెస్ టీనా అనే పత్రికలో కలిపేశారు.

#13 శారద_టీచర్

ఇది నాకు నచ్చలేదు ప్రియా. సొంత పత్రిక రావడం గొప్పే. కానీ ఆడపిల్లల పత్రికకు పంపాక మగపిల్లలు ఆవిడను చదివారా? ముందు అదే పత్రికలో అంతరిక్ష నౌకల పక్కన, డాలెక్‌ల ముందు పేజీల్లో ఉండేది. అన్న చదివే చోటే చెల్లెలూ చదివేది. నేను ముప్పై నాలుగేళ్లు బడిలో లైబ్రరీ బీరువా చూసుకున్నాను. "ఇది ఆడపిల్లల పుస్తకం" అని ఒక్కసారి ముద్ర పడితే మగపిల్లవాడు దాన్ని ముట్టుకోడు. నేను అట్టలు తీసేసి బ్రౌన్ పేపర్ వేసి ఇచ్చిన రోజులున్నాయి.

#14 ఎడిట్‌బల్ల

టీచర్ గారూ, మీ మాట చదివి నేను ముందు అన్నది మళ్లీ ఆలోచించాను. మొదటి 51 సంచికల్లో ఆవిడ అందరి పాత్ర. ప్రచారం కోసమే అయితే టీవీలో వచ్చిన వెంటనే అక్కడ ఇంకా పెద్దది చేయాలి, పక్కకు జరపరు. రెండూ చదివి పోల్చాల్సిన విషయమే. ప్రోమో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సుబ్బు గారూ, ఒక సందేహం. కామిక్‌లో 2065 అన్నారు. టీవీలో 2026 అని ఎక్కడో చదివాను. ఏది సరైనది?

#15 స్లౌ_సుబ్బు

రెండూ తెర మీదా కాగితం మీదా ఉన్నవే. చివరి ఎపిసోడ్‌లో ఒక క్యాలెండర్ కనబడుతుంది, దాని మీద 2026 ఉంది. దాన్ని పట్టుకున్నవాళ్లు చాలామంది. నేను 2065 పక్షం. ఎందుకంటే టీవీ సెంచరీ 21 ఆ సీరియళ్లన్నిటినీ ఒకే ప్రపంచంగా కట్టింది. స్టింగ్‌రే జలాంతర్గామి, ఫైర్‌బాల్ రాకెట్, పెనెలోప్ కారు, అన్నీ ఒకే ఏడాది, ఒకే పేపర్లో వార్తలు. బెరెజ్నిక్ అనే శత్రుదేశం ఆ వార్తల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. పేరు కల్పితం, దాని వెనక ఉన్న భయం మాత్రం ఆ రోజుల కోల్డ్ వార్‌దే. ఆ పని చేసింది కామిక్ పత్రికే కాబట్టి తేదీ విషయంలో దాని మాటకే నా ఓటు.

#16 చిత్తుకాగితం

మీ అందరికీ చేతులెత్తి దండం. ఇంత వస్తుందని అనుకోలేదు. ఇప్పుడు అసలు భయం చెప్తాను. ఈ పేజీలు ఎలా దాచాలి? పదేళ్ల కిందట మా నాన్నగారు చింపి దాచుకున్న వారపత్రిక సీరియల్ ఒకటి బైండింగ్‌కు ఇచ్చాను. బైండరు అంచులు సమంగా రావాలని మూడు వైపులా కోసేశాడు. ప్రతి పేజీలో చివరి వరస మాటలు సగం పోయాయి. నాన్నగారు మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్న తేదీలూ పోయాయి. ఆయన ఏమీ అనలేదు, పుస్తకం తీసి చూసి మళ్లీ బీరువాలో పెట్టేశారు. అది నాకు ఇప్పటికీ బాధే.

#17 రేఖ_రంగు

బైండింగ్ అస్సలు వద్దండీ. ముందు తుప్పు పిన్నులు తీయండి. లాగొద్దు, వెనక కాళ్లు నెమ్మదిగా నిలబెట్టి, ముందువైపు నుంచి పైకి ఎత్తండి. పిన్ను కింద చిన్న గట్టి కాగితం ముక్క పెడితే పేజీ గీసుకోదు. సెల్లోటేపు అంటించొద్దు, కొన్నేళ్లకు పసుపు జిగురు మిగిలి బొమ్మను తినేస్తుంది. ఆమ్లం లేని కాగితం దొరికితే మధ్య మధ్య పెట్టి, మడత లేకుండా పరిచి ఉంచండి. పెద్ద డ్రాయింగ్ షీట్ల ఫోల్డరు సరిపోతుంది. స్కాన్ మాత్రం ముందే చేసుకోండి.

ఇంకోటి. ఈ పత్రికకు బైండింగ్ వేస్తే మధ్య పేజీల బొమ్మలు చచ్చిపోతాయి. 52వ సంచిక నుంచి థండర్‌బర్డ్స్‌ను ఫ్రాంక్ బెల్లమీ గీశాడు. రెండు పేజీలూ కలిపి ఒకే బొమ్మలా, గళ్లు మెరుపుల్లా వంకర టింకరగా పోయేలా వేసేవాడు. కుట్టు వాటి నడుమ పడితే పేలుడు బొమ్మ కాస్తా మడతలోకి పోతుంది.

#18 చిన్నప్రశ్న

అన్నయ్యలూ, అక్కయ్యలూ, నేను డిగ్రీ చదువుతున్నాను. ఒరిజినల్ కొనే స్తోమత లేదు. ఇవి ఎక్కడైనా మళ్లీ వేశారా?

#19 స్లౌ_సుబ్బు

వేశారు తమ్ముడూ. 1991లో బీబీసీ2 థండర్‌బర్డ్స్‌ను మళ్లీ ప్రసారం చేసింది, ఇక్కడి పిల్లలు పిచ్చెక్కిపోయారు. ఆ ఏడాదే ఫ్లీట్‌వే అనే ప్రచురణ సంస్థ వాళ్లు థండర్‌బర్డ్స్ కామిక్ మొదలుపెట్టి పాత టీవీ సెంచరీ 21 కథలు తిరిగి వేశారు. సంపాదకుడు ఎవరనుకున్నావు? మళ్లీ అలన్ ఫెనెలే. ఆ 1991 సంచికలు ఇక్కడ పాత సామాన్ల సంతల్లో చవగ్గానే దొరుకుతాయి. తర్వాత పుస్తకాలుగా కూడా సంకలనాలు వచ్చాయి. నా దగ్గర డబుల్ ఉన్నవి రెండున్నాయి, అడ్రసు మెసేజ్ పెట్టు, పంపిస్తాను.

#20 చిత్తుకాగితం

రేఖ గారు చెప్పినట్టే పిన్నులు తీశాను. ఒక్క పేజీ కూడా చిరగలేదు. పూర్తిగా పరిచాక ఇప్పుడు వరసగా చదివాను. మే 15, మే 22, తర్వాత ఒక్కసారిగా జూన్ 5. మధ్యలో మే 29 లేదు. జనవరి 23 నుంచి వేళ్ల మీద లెక్కేస్తే అది 19వ సంచిక అవుతుంది. మే 22 పేజీ చివరి గడిలో పెనెలోప్ ఒక తలుపు ముందు నిలబడి ఉంది. జూన్ 5 మొదటి గడిలో బయట కారులో ఉంది. ఆ తలుపు వెనక ఏముందో నాకు తెలియాలి.

#21 శారద_టీచర్

నాకూ తెలియాలి. నా పదకొండేళ్ల వయసులో మా ఇంట్లో సరిగ్గా ఇలాగే ఒక వారం పత్రిక రాలేదు.

#22 స్లౌ_సుబ్బు

19వ సంచిక నా దగ్గర లేదు. వచ్చే నెల లండన్‌లో కామిక్ మార్ట్ ఉంది, ఉదయాన్నే వెళతాను. దొరికితే ముందు ఆ పేజీ ఫొటో తీసి ఇక్కడే పెడతాను, సంక్రాంతికి వచ్చేటప్పుడు అసలు సంచిక తెస్తాను. చిత్తుకాగితం గారూ, మీ మే 22 చివరి గడి ఒకటి స్కాన్ చేసి పంపండి. దుకాణంలో తలుపు పోల్చుకోవాలి కదా.